గురుబోధయా? సహవాసమా?

జూన్ మాసమున బడులు తెరచు వేళ సూర్యాపేటలో ఏటేటా ఒక దృశ్యము కానవచ్చును. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి నానుకొని పెరిగిన ఈ పట్టణమునకు చుట్టుప్రక్కల పల్లెల నుండి తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని వత్తురు. ఒక బడి మెట్లు దిగి మరొక బడి మెట్లెక్కుదురు. ఫీజు ఎంత, బస్సు ఏ వేళకు వచ్చును, పదవ తరగతిలో ఎందరు ఉత్తీర్ణులైరి అని విచారింతురు. అట్టివారిలో ఒక తండ్రి ఉన్నాడనుకొనుడు. ఆయన అన్నియు విని, తుదకు కొంచెము గొంతు తగ్గించి ఉపాధ్యాయునితో ఇట్లనును: "సారూ, మీరు మంచిగ చెప్తరని అందరంటున్నరు. నేనడిగేది అది గాదు. మావోని పక్కన కూసునేది ఎవరు?"

ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. ఇందులో రెండు భావములు పెనవేసికొని యున్నవి. చదువు చెప్పువాని కంటె ప్రక్కన కూర్చుండువాడే బిడ్డను ఎక్కువగ మార్చునను ఎరుక మొదటిది. ఆ ప్రక్కవాడు ఎవరి యింటి బిడ్డ, ఏ వాడవాడు, ఏ కులమువాడు అని లోలోపల తూచి చూచు శంక రెండవది. మొదటిదానిలో సత్యము కలదు. రెండవదానిలో దోషము కలదు. ఈ రెంటిని వేరు చేసి చూడనిచో విద్యార్థిని తీర్చునది గురువా, సహవాసమా అను చర్చ ఎంత సాగినను తెగదు.

మొదట సహవాసము పక్షమున ఏమి చెప్పవచ్చునో చూడవలెను. ఆర్నెల్లు సావాసము చేసిన వారు వీరగుదురని తెలుగు పల్లెలలో సామెత. దీనికి లెక్క కూడ తోడగును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు సంవత్సరమునకు 220 పనిదినము లుండవలెను. ఒక ఉపాధ్యాయుడు ఒక తరగతికి దినమునకు 45 నిమిషముల వంతున ఒక్కనాడును తప్పక పాఠము చెప్పినను, అది ఏడాదికి 165 గంటలు మాత్రమే. రాత్రింబగళ్ళు కలిపి లెక్కించిన ఏడు దినములకైనను నిండదు. ఆ కొద్ది కాలమును నలుబది మంది పిల్లలు పంచుకొనవలెను. తోటివాడన్ననో, బస్సులో తోడు, ప్రార్థన వరుసలో తోడు, విరామమున తోడు, సెలవు దినమున చెరువు గట్టు మీద తోడు. నేడు చేతిలోని సెల్‌ఫోను వలన రాత్రి పడకలో కూడ తోడు.

పురాణేతిహాసములు ఈ విషయమున మౌనము వహింపలేదు. ద్రోణాచార్యుని యొద్ద కౌరవ పాండవులు నూటయైదుగురు ఒకే విద్య నేర్చిరి. గురువొక్కడే, విల్లు పట్టించిన చేయి ఒక్కటే. అయినను ఆ నూటయైదుగురి నడవడి ఒకటి కాలేదు. సుయోధనుని చుట్టును శకుని చేరెను, దుశ్శాసనుడు చేరెను. స్వభావమున దానశీలుడైన కర్ణుడు సైతము ఆ మైత్రికి కట్టువడి నిండు సభలో అధర్మమునకు గొంతు కలిపెను. ద్రోణుడు ఆ సభలోనే యున్నను ఆనాడు ఆయన ఎదుట పలికినది ఆయన నేర్పిన విద్య కాదు, వారి సావాసము.

ప్రహ్లాదుని కథలో ఇదే సత్యము మరియొక వైపు నుండి కనిపించును. చండామార్కులు శుక్రాచార్యుని కుమారులు, రాజు నియమించిన గురువులు. వారు బోధించినారు, బెదరించినారు. కాని వారు ఇంటిపనులకై పోయిన వేళ ప్రహ్లాదుడు తోటి రాక్షస బాలురను చేరబిలిచి తన మనస్సులోని మాట చెప్పగా, వారు ఆటలు మాని వినిరి. గురుపీఠము చేయలేని పని ఒక సహాధ్యాయి చేసెను. కావున సహవాసమనగానే చెడు సహవాసమని తలచుట పొరపాటు. మంచి కూడ ఆ త్రోవనే వచ్చును.

తెలంగాణ చరిత్రలో దీనికి ప్రత్యక్ష సాక్ష్యము కలదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో విద్యార్థులు వందేమాతర గీతమును పాడరాదను నిషేధమును లెక్కచేయలేదు. వారికి ఆ ధైర్యము ఏ పాఠ్యాంశము నుండియు రాలేదు. ఒక గదిలోని వాడు పాడగా ప్రక్క గదిలోని వాడు గొంతు కలిపెను. ఫలితముగ ఎందరో బహిష్కృతులైరి. అనేకులు నాగపూరు విశ్వవిద్యాలయమున చేరి చదువు కొనసాగించిరి. ఒంటరిగ నున్న యువకుడు అంత మూల్యము చెల్లించుటకు సాహసించునా యన్నది సందేహమే.

పాశ్చాత్యులు చేసిన పరిశీలనలును ఇందుకు దూరముగ లేవు. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ మరియు ఆయన సహచరులు సుమారు ఆరు లక్షల మంది విద్యార్థులను పరిశీలించి ఒక నివేదిక వెలువరించిరి. కుటుంబ ప్రభావము తరువాత, భవనములు మొదలైన వసతుల కంటెను, ఉపాధ్యాయుల యోగ్యతల కంటెను, తోటి విద్యార్థుల నేపథ్యమును ఆశయములును చదువుపై ఎక్కువగ పనిచేయుచున్నవని అందు తేల్చిరి.

అట్లయిన గురువు స్థానమేమి? వీరశైవ ధర్మమున అష్టావరణములలో మొదటిది గురువే. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను వరుసలో గురువును ముందు నిలుపుట కేవలము మర్యాద కొరకు కాదు. ఇష్టలింగము గురుహస్తము నుండియే శిష్యుని కరతలమునకు చేరవలెను. తోటి శిష్యుడు ఎంత ప్రియమైనవాడైనను ఆ పని చేయలేడు. అట్లే అక్షరము, లెక్క, మాటలోని తప్పొప్పుల వివేకము గురువు వలననే లభించును. చుట్టునున్న పిల్లలకే తెలియని దానిని వారెట్లు ఈయగలరు?

దీనికిని ఆధునికుల పరిశీలన బలమిచ్చుచున్నది. రాజ్ చెట్టి, జాన్ ఫ్రీడ్‌మన్, జోనా రాకాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికాలో పది లక్షలకు పైగా పిల్లల వివరములను వారు పెద్దవారైన పిదప వరకు అనుసరించి 2014లో ఫలితములు ప్రకటించిరి. బాల్యమున సమర్థుడైన ఉపాధ్యాయుని చేతిలో పడినవారు కళాశాలలో చేరుటయు, పెద్దయిన పిమ్మట అధికముగ సంపాదించుటయు అందు కనబడెను. ఒక్క సంవత్సరము చెప్పిన చదువు ఇరువది ఏండ్లకు కూడ ఫలించుచున్నది. ఆ ఉపాధ్యాయుని పేరును శిష్యుడు మరచిపోయి యుండవచ్చును, ఆ చేతి చలువ మాత్రము మరువదు.

రెండు వైపుల సాక్ష్యములును బలముగనే యున్నవి. అయినను రెండును ఒకే విషయమును గూర్చి చెప్పుటలేదు. విద్యార్థి ఏమి తెలిసికొనును, ఎంతవరకు ఎదుగును అన్నచోట గురువు చేయి కనబడును. విద్యార్థి ఏమి చేయుటకు సిగ్గుపడును, దేనికి గర్వించును అన్నచోట తోటివారి చూపు పనిచేయును. పరీక్షలో చీటీ పెట్టుట తప్పని గురువు నూరుసార్లు చెప్పవచ్చును. చీటీ పెట్టినవానిని తరగతి మెచ్చుకొనుచున్నదా, చిన్నచూపు చూచుచున్నదా అనునదే ఆ క్షణమున వాని చేతిని నడుపును. తప్పు అని గురువు చెప్పగలడు. అది సిగ్గుచేటు అని తోటివారు మాత్రమే అనిపింపగలరు.

ఈ సూక్ష్మమును బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దముననే గ్రహించెను. తెలుగున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణము వలన బసవని బాల్యకథ ఇంటింటికి తెలిసినదే. ఉపనయనమును నిరాకరించి బాలుడు ఇల్లు విడిచెను. కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమున జాతవేదముని యొద్ద విద్య గడించెనని సంప్రదాయము. ఆ కృష్ణయే క్రిందికి పారి సూర్యాపేట జిల్లా దక్షిణపు టెల్లయందు మట్టపల్లి తీరమును తాకుచున్నది. బసవనికి గురువు లభించెను, విద్య లభించెను. అంతటితో ఆయన తృప్తి చెందలేదు. కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారాధికారము వహించిన పిదప ఆయన చేసిన మహాకార్యము ఒక సంఘమును కూర్చుట. అదియే అనుభవమంటపము.

అనుభవమంటపమున బోధకులొక వైపు, శ్రోతలొక వైపు అను విభాగము లేదు. అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠించెను. అధికారము గల బసవడు సామాన్య శరణులతో సమముగ కూర్చుండెను. బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, చెప్పులు కుట్టు హరళయ్య అందరును అందే. అక్కమహాదేవి వచ్చినప్పుడు అల్లముడు ఆమెను కఠినముగ ప్రశ్నించెను. ఆమె తొట్రుపడక సమాధాన మిచ్చెను. ఆ సభలో ప్రతివాడు ఒకనికి శిష్యుడు, మరియొకనికి గురువు. గురుబోధను సహవాసముగ మార్చిన పాఠశాల యది.

ఆ పాఠశాల ఫలము ఎట్టిదో ఆయ్దక్కి మారయ్య కథ చెప్పును. ఆయన బసవని వాకిట రాలిన బియ్యమును ఏరి తెచ్చి జీవించువాడు. దానినే వండి జంగమారాధన చేయువాడు. ఒకనాడు రోజువారీ కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ మూటను చూచినది. అవసరమునకు మించినది తెచ్చుట శరణునకు తగదని, వెంటనే పోయి తెచ్చినచోటనే పోసి రమ్మని ఆయనను పంపినది. మారయ్య మరలి పోయి మిగులు బియ్యమును అక్కడనే పోసి వచ్చెను. అపరిగ్రహమును బసవడు బోధించియే యుండును. కాని మూట ఇల్లు చేరిన వేళ బసవడు అక్కడ లేడు. ఉన్నది లక్కమ్మ. ఆమె లేనిచో ఆ రాత్రికి గురుబోధ మూటలోనే మిగిలియుండెడిది. ఆమెకు ఆ బోధ వంటబట్టి యుండనిచో ఆమె నోట ఆ మాట వచ్చెడిదే కాదు. గురువు ఇచ్చినది సాటివారి నోట పలికినప్పుడు ఎట్లుండునో ఈ కథ చూపుచున్నది.

ఈ ఎరుక ఒక్క వీరశైవమునకే పరిమితము కాదు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై త్రవ్వకములలో బయల్పడిన బౌద్ధవిహారమున భిక్షువులు ప్రక్కప్రక్కగ గదులలో నివసించిరి. అధ్యయనమును, భోజనమును, దోషముల నొప్పుకొనుటయు సంఘమధ్యముననే జరుగుట బౌద్ధుల ఆచారము. మంచి మిత్రుడు లభించుట సాధనలో సగమని ఆనందుడనగా, సగము కాదు, సర్వమునని బుద్ధుడు సరిదిద్దినట్లు పాళీ గ్రంథములు చెప్పుచున్నవి. ఇటీవలి కాలమున 1971లో నాటి నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల నెలకొల్పబడెను. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. వందేమాతర ఉద్యమమున పాల్గొన్న విద్యార్థులలో ఆయన ఒకరు. గంట కొట్టిన పిమ్మట కూడ గురువు అక్కడనే యుండుట, పిల్లలు ఎవరితో తిరుగుచున్నారో ఆయన కన్నులార చూచుట గురుకులమునకు ప్రాణము. గురువు కనుమరుగైన వసతిగృహము గురుకులము కానేరదు.

ఇక ఆ తండ్రి ప్రశ్నలోని రెండవ భాగమునకు రావలెను. ప్రక్కన ఎవరు కూర్చుందురని ఆయన అడుగుటలో తప్పు లేదు. ఆ ప్రక్కవానిని ఏ కొలతతో కొలుచుచున్నాడు అనునదే విచారింపదగినది. ప్రభుత్వ పాఠశాల నుండి బిడ్డను మాన్పించువారిలో కొందరు ఉపాధ్యాయులను నిందింపరు. "అక్కడ సావాసం మంచిగ లేదు" అందురు. కొంచెము గుచ్చి అడిగిన ఆ మాటకు అర్థము తేటపడును. అక్కడ కూలివారి పిల్లలున్నారు, మాదిగ, మాల వాడల పిల్లలున్నారు, లంబాడి తండాల నుండి వచ్చు పిల్లలున్నారు. ఎవ్వరును దుర్మార్గులని కాదు, బీదవారని, తక్కువ వారని. చెడు సహవాసమను పేరు కప్పుకొని కులభేదము బడిలో ప్రవేశించుచున్నది. మెడలో లింగము ధరించి, వాకిట బసవ జయంతి జరుపు ఇండ్లలో కూడ ఈ మాట వినబడుచున్నదన్న అది మిక్కిలి శోచనీయము. హరళయ్యను ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న బసవని పేర పూజ చేసి, హరళయ్య వంటివాని మనుమని ప్రక్కన తన మనుమని కూర్చుండనీయని భక్తి ఏపాటి భక్తి?

బీదల బిడ్డల ప్రక్కన కూర్చున్న నిజముగ కలుగు నష్టమేమి? దీనిని ఢిల్లీ నగరమున గౌతమ్ రావు అను ఆర్థికశాస్త్రజ్ఞుడు పరీక్షించి 2019లో ప్రకటించెను. అచ్చటి సంపన్నుల పాఠశాలలు ప్రభుత్వ నియమము వలన కొందరు పేద పిల్లలను చేర్చుకొనవలసి వచ్చెను. వారితో కలిసి చదివిన ధనికుల పిల్లలలో ఇతరులకు ఇచ్చు గుణము పెరిగెను. సేవాకార్యములకు ముందుకు వచ్చుట పెరిగెను. పరుగు పందెమునకు జట్టును ఎన్నుకొనునప్పుడు పేదవాడని విడనాడుట తగ్గెను. లెక్కలలోను హిందీలోను చదువునకు హాని కనబడలేదు. ఇంగ్లీషు మార్కులు మాత్రము కొంచెము తగ్గినవి. దాచిపెట్టక తూచవలెనన్న, ఒక తక్కెడలో ఆ కొద్ది మార్కులు, రెండవ తక్కెడలో ఉదారబుద్ధి. ఏది బరువో తండ్రులు ఆలోచింపవలెను. శరణుల తక్కెడలో ఏది మొగ్గునో చెప్పనక్కరలేదు.

బసవడు సహవాసమును ఎంచుకొనలేదని కాదు. ఆయన ఎంపిక మిక్కిలి కఠినమైనది. దొంగను, సోమరిని, డాంబికుని ఆయన మెచ్చలేదు. అయితే ఆయన కొలత కాయకము. కష్టించి పనిచేయుచున్నాడా, ఉన్నది పంచుకొనుచున్నాడా, మాటకు చేతకు పొత్తు కలదా అని చూచెను. అదే కొలత నేటి తండ్రి చేత పట్టినచో, తెల్లవారక మునుపే లేచి తల్లికి సాయపడి, రెండు మైళ్ళు సైకిలు త్రొక్కి వచ్చి, మొదటి గంటకే బెంచీపై కూర్చుండు కూలివాని కొడుకు కంటె మంచి తోడు తన బిడ్డకు ఎక్కడ దొరకును?

ఇందుండి ఉపాధ్యాయుని విధి కూడ తేటపడుచున్నది. పాఠము చెప్పి వెడలిపోవువాడు తన పనిలో సగము చేసినవాడు. తరగతిని ఒక సంఘముగ కూర్చుట మిగిలిన సగము. దీనికి ధనమక్కరలేదు. కులము వారు కులము వారితో, ఊరి వారు ఊరి వారితో గుంపులు కట్టి కూర్చుండక, నెలకొకసారి స్థానములు మార్చవచ్చును. చదువులో ముందున్నవానిని వెనుకబడినవాని ప్రక్కన కూర్చుండబెట్టి, వాడు నేర్చిన నాడు ఇద్దరిని కలిపి మెచ్చుకొనవచ్చును. మధ్యాహ్న భోజనవేళ పిల్లలతో పాటు ఉపాధ్యాయుడును అదే వరుసలో కూర్చుండి అదే అన్నము తినవచ్చును. ప్రసాదమునకు ఎక్కువ తక్కువలు లేవను మాట ఆనాడు పిల్లలకు వ్యాఖ్యానము లేకయే అర్థమగును. తప్పు చేసినవానిని తరగతి ముందు నవ్వులపాలు చేయు ఉపాధ్యాయుడు ఆ తరగతికి నవ్వుటయే నేర్పుచున్నాడని కూడ మరువరాదు. పిల్లలు ఒకరినొకరు చూచుకొను చూపును వారు మొదట గురువు కన్నులలోనే నేర్తురు.

కొందరు ఇట్లనవచ్చును: ఎంత కూర్చినను తరగతిలో చెడ్డవాడొకడు ఉండును, వాడు పదిమందిని చెరచును, అప్పుడేమి చేయవలెను? ఈ ఆక్షేపణలో నిజము కలదు. పొగాకు, మత్తు, జూదము వంటివి పిల్లల నుండి పిల్లలకు ప్రాకుచున్న కాలమిది. అట్టిచోట ఉపాధ్యాయుడు మెతకదనము వహింపరాదు, తల్లిదండ్రులు కనులు మూసికొనరాదు. కాని వానిని దూరముగ నెట్టినంత మాత్రమున పని ముగియదు. వాడు మరొక గుంపును వెదకికొనును. ఆ గుంపులో లక్కమ్మ యుండదు. చెడిన బాలునికి మొదట పోవునది చదువు కాదు, మంచి తోడు. మరల బాగుపడుటకు మొదట కావలసినదియు అదియే.

ఇప్పుడు ఆ తండ్రి బడి మెట్ల మీద నిలిచియే యున్నాడు. ఉపాధ్యాయుడు ఆయనకు ఏమి చెప్పవలెను? గురువే గొప్పవాడని చెప్పిన అది ఆత్మస్తుతి యగును. సావాసమే గొప్పదని చెప్పిన తన బాధ్యతను దులుపుకొన్నట్లగును. మీ వాని ప్రక్కన మంచివారినే కూర్చుండబెట్టెదనని మాట యిచ్చిన, మిగిలినవారిని ఎవరి ప్రక్కన కూర్చుండబెట్టవలెను? ఆయన ఇట్లనుట న్యాయము: "అయ్యా, మీ పిల్లగాని పక్కన ఎవరు కూసుంటరని అడిగిన్రు. మంచిదే. మరి వాని పక్కన కూసునే పిల్లగాని తండ్రి గూడ గిదే అడుగుతడు గద. ఆయనకు నేనేం చెప్పాలె?"

ఆ మాటతో ప్రశ్న తండ్రి ఇంటికి మరలును. ప్రతి బిడ్డయు వేరొక బిడ్డకు సహవాసమే. తన బిడ్డకు మంచి తోడును కోరు తండ్రి, మరొకరికి మంచి తోడు కాదగినట్లు తన బిడ్డను పెంచి బడికి పంపవలెను. ఇంట తల్లిదండ్రులు, బడిలో గురువు ఆ పని చేసిననాడు గురుబోధయా, సహవాసమా అని తర్కింప నక్కరలేదు. బసవని మంటపమున ఆ రెంటికి నడుమ గోడ లేదు. సూర్యాపేట బడిలోని ఒక బెంచీ మీద కూడ దానిని కట్టవలసిన పనిలేదు.